ఆడామగా అందరికీ ఒకే టాయిలెట్: గడియ దగ్గర్నుంచి కంప్లైంట్ దాకా ఏం చూసుకోవాలి

సూర్యాపేట దాటాక ఒక దాబా దగ్గర బస్సు ఆపారు. పది నిమిషాలే అన్నాడు డ్రైవర్. వెనకవైపు రేకుల గది ఒకటి, దాని తలుపు మీద నీలం పెయింటుతో "టాయిలెట్" అని మాత్రం రాసుంది. లేడీస్ అని లేదు, జెంట్స్ అని లేదు. ముందు ఇద్దరు మగవాళ్లు, వాళ్ల వెనక నేను, నా వెనక పాపని చంకనేసుకుని ఒకావిడ. నా వంతొచ్చి లోపలికెళ్తే గడియ ఉండాల్సిన చోట రెండు స్క్రూ బొక్కలు, వాటిలోంచి దూర్చి కట్టిన కొబ్బరితాడు. ఆ తాడు ఒక చేత్తో లాగి పట్టుకోవాలి, మిగతా పనులన్నీ రెండో చేత్తో చూసుకోవాలి. బయట్నుంచి ఆవిడ, "నేనున్నాలే అమ్మా, ఎవర్నీ రానివ్వను" అంది. తర్వాత ఆమె లోపలికెళ్తే పాపని నేనెత్తుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

యునిసెక్స్ టాయిలెట్ అన్న మాట వినగానే ఏదో ఫారిన్ వ్యవహారం అనిపిస్తుంది గానీ, మనం చిన్నప్పట్నుంచీ వాడుతున్నవి అవే. మామూలు రైలు బోగీలో టాయిలెట్లకి ఆడామగా తేడా లేదు. పెట్రోల్ బంకు వెనక ఒంటిగది, క్లినిక్‌లో కాంపౌండర్‌ని తాళంచెవి అడిగి వెళ్లే బాత్రూం, చిన్న ఆఫీసుల్లో మెట్ల కింద ఉండేది, ఫంక్షన్ హాల్లో విడిది గదుల పక్కన ఉండేది, బోర్డు లేకపోయినా అన్నీ అదే బాపతు. కాబట్టి ఇలాంటివి ఉండాలా వద్దా అన్న చర్చ నేను పెట్టుకోవడం లేదు. వెళ్లక తప్పదు, వెళ్లినప్పుడు ఏం చూసుకోవాలన్నదే నా పాయింటు. టాయిలెట్ భయంతో పొద్దున బస్సెక్కి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగని వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ అలవాటుతో యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చుకుని మందులు మింగిన దాన్ని, నేనే సాక్షిని.

ముందు అది ఏ రకమో చూడండి

అందరికీ కలిపి ఉన్న టాయిలెట్లలో రెండు రకాలు. మొదటిది ఒంటిగది. నాలుగు వైపులా గోడ, కింద నుంచి పైదాకా తలుపు, లోపలే వాష్‌బేసిన్. గడియ పడితే ఆ కాసేపూ అది మీ గదే. రెండోది వరస క్యాబిన్లు. ఒక పెద్ద హాలు, అందులో ప్లైవుడ్ లాంటి పలకలతో విడగొట్టిన గదులు, పైనా కిందా ఖాళీ, చేతులు కడుక్కునే చోటు అందరికీ కలిపి. భయపడాల్సింది ఈ రెండో దానికి. పలక పైనుంచి ఫోన్ పట్టుకున్న చెయ్యి రావచ్చు, కింద ఖాళీలోంచి కూడా రావచ్చు.

నన్నడిగితే, గడియ గట్టిగా ఉన్న ఒంటిగది ఎంతమంది వాడేదైనా సరే, తలుపు సగం ఊడి వేలాడే "స్త్రీలకు మాత్రమే" కంటే నయం. దీనికి ఒప్పుకోని వాళ్లు చాలామంది ఉన్నారని తెలుసు. మా వదిన బోర్డు మీద ఆడబొమ్మ కనిపిస్తే తప్ప లోపలికి అడుగు పెట్టదు.

పైచదువులకి విదేశాలు వెళ్లే పిల్లలకి ఒక మాట. ఇంగ్లండ్‌లో ఇదే గొడవ ఏళ్ల తరబడి నడిచి, 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రూల్ వచ్చింది. కొత్తగా కట్టే ఆఫీసులు, షాపుల్లాంటి భవనాల్లో ఆడవాళ్లకి, మగవాళ్లకి వేర్వేరు టాయిలెట్లు ఉండాలి. వాటికి తోడుగా అందరూ వాడుకునేవి పెడితే అవి పూర్తిగా మూసిన గదులై ఉండాలి, వాష్‌బేసిన్, చేతులు ఆరబెట్టుకునే ఏర్పాటు లోపలే ఉండాలి. వేర్వేరుగా కట్టడానికి స్థలం లేకపోతే ఈ మూసిన గదులే కట్టుకోవచ్చు. పెద్ద మార్పులేవీ చేయని పాత భవనాలకి ఇది వర్తించదు, అక్కడ ఏది ఎదురైతే అదే. అమెరికాలో అయితే లేడీస్ టాయిలెట్లోనే తలుపు కింద జానెడు పైగా ఖాళీ, పక్కన సందు చూసి మనవాళ్లు కంగారుపడతారు. అది అక్కడి మామూలు డిజైనే. వరసలో చివరిది, ఒకవైపు గోడ ఉన్న క్యాబిన్ ఎంచుకుంటే చూసుకోవాల్సిన పలక ఒకటే మిగులుతుంది.

బయట నిలబడ్డప్పుడే

లోపలికి దూరేయకుండా ఒక్క అరనిమిషం బయట ఆగండి. కౌంటర్ దగ్గరున్న మనుషులకి ఆ తలుపు కనిపిస్తోందా, లేక భవనం వెనక చీకట్లో ఉందా? లోపల లైటు వెలుగుతోందా? స్విచ్ లోపలుందా, బయటుందా? స్విచ్ బయట ఉంటే ఎవడో ఆకతాయి ఆర్పేస్తాడు, ఫోన్ టార్చి సిద్ధంగా ఉండాలి. తలుపు పక్కనే పనేమీ లేకుండా నిలబడ్డ మనిషి, మీరు రాగానే ఫోన్ తీసిన మనిషి కనిపిస్తే మొహమాటపడకుండా వెనక్కి తిరగండి. టీ తాగి మళ్లీ రావచ్చు, లేదా హోటల్ వాళ్లని "అన్నా, ఇంకో టాయిలెట్ ఉందా?" అని అడగవచ్చు. చాలా చోట్ల స్టాఫ్‌కి వేరే ఉంటుంది, అడిగితే ఇస్తారు.

ఒక్కరే వెళ్లకండి అనేది అందరూ చెప్పే సలహా. ఒక్కరే ప్రయాణం చేసేవాళ్లకి అది పనికిరాదు కదా. అలాంటప్పుడు లైన్లో ఉన్న ఇంకో ఆడమనిషిని అడగండి. "అక్కా, గడియ లేదంట, కొంచెం చూస్తారా?" అంటే కాదన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు. బస్సులో పక్కసీటు ఆవిడైనా సరే.

తలుపు

తలుపు తట్టి, ఆగి, లోపల్నుంచి దగ్గు గానీ మాట గానీ వినపడలేదని నిర్ధారించుకుని తీయండి. మీరు లోపల ఉన్నప్పుడు ఎవరైనా తడితే గట్టిగా "ఉన్నాం" అనండి. మనలో చాలామందికి ఈ ఒక్క మాట అనడానికే సిగ్గు, ఊరికే గొంతు సవరించుకుంటాం. మగవాళ్లు కూడా వాడే చోట ఆ దగ్గు చాలదు, మాట వినపడాలి.

గడియ పెట్టాక ఒకసారి తలుపుని లాగి, తోసి చూడండి. చాలా గడియలు పైకి పడినట్టే ఉంటాయి, అవతల రంధ్రంలోకి దిగవు. తలుపు చెక్క నాని ఉబ్బిపోయి రెండూ ఎదురెదురు రాకపోవడం దీనికి మామూలు కారణం. కొంచెం పైకి ఎత్తిపట్టి గడియ నెడితే దిగుతుంది.

గడియే లేకపోతే తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడండి, ఉపాయం దాన్నిబట్టి మారుతుంది. లోపలికి తెరుచుకునేదైతే బకెట్టు నిండా నీళ్లు పట్టి తలుపుకి ఆనించి పెట్టండి. నిండు బకెట్టుని తోసుకుని రావాలంటే టైం పడుతుంది, చప్పుడవుతుంది, మీకు కేకేసే వ్యవధి దొరుకుతుంది. బయటికి తెరుచుకునే తలుపుకి బకెట్టు దండగ. దానికి చున్నీనో, కర్చీఫునో హ్యాండిల్‌కి గానీ స్క్రూ బొక్కలోంచి గానీ కట్టి కొస చేతికి చుట్టుకోవాలి. నా హ్యాండ్‌బ్యాగులో మూరెడు నాడా ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది, లంగాకి వేసేదే. దానికి తోడు రెండు పిన్నీసులు, నాలుగు కాగితపు బిళ్లలు అంటే స్టిక్కర్లు. స్టిక్కర్లు ఎందుకో కింద చెప్తాను.

గడియ లోపలే కాదు, బయట కూడా ఉందేమో చూడండి. బయట గొళ్లెం ఉన్న తలుపుని ఎవరైనా సరదాకి వేసేసినా మీరు లోపల ఇరుక్కుంటారు. అందుకే ఫోన్ బయట బ్యాగులో వదిలి వెళ్లొద్దు. వెనక జేబులో కూడా పెట్టుకోకండి, అది ఎక్కడ పడుతుందో చెప్పక్కర్లేదు.

పైకి, కిందికి, చెత్తబుట్టలోకి

రహస్య కెమెరా అనగానే గుండీ అంత స్పై కెమెరా గోడలో ఉంటుందని ఊహించుకుంటాం. అలాంటివీ దొరికాయి. కానీ మామూలుగా జరిగేది అంత తెలివైన పని కాదు. వెంటిలేటర్లోంచి ఫోన్ పెట్టడం, పలక మీదుగా చెయ్యి చాపడం, ఫోన్‌ని ఏదో ఒక దాంట్లో దాచి రికార్డింగ్ ఆన్ చేసి వెళ్లిపోవడం. 2024 ఆగస్టులో బెంగళూరులో ఒక కాఫీ షాపు టాయిలెట్లో జరిగింది ఇదే. చెత్తబుట్టలో కవరుకి చిన్న బొక్క పెట్టి, లెన్స్ మాత్రం బయటికి కనపడేలా ఫోన్ దాచారు. కాల్ వస్తే మోగకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టారు. అక్కడ పనిచేసే కుర్రాడే నిందితుడని పోలీసులు అరెస్టు చేశారు. అది ఆడవాళ్లు వాడుతున్న టాయిలెట్ అని గుర్తుపెట్టుకోండి. బోర్డు చూసి ధీమా పడొద్దని ఇందాక నేనన్నది ఇందుకే.

ఆ ఫ్లైట్ మోడ్ ముక్క ముఖ్యం. "దాచిన కెమెరాలు పట్టే యాప్" అని ప్లేస్టోర్లో దొరికేవాటిలో చాలావరకు చుట్టూ ఉన్న వైఫై, బ్లూటూత్ పరికరాల జాబితా చూపిస్తాయి. ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఫోన్‌గానీ, మెమరీ కార్డులోకి రికార్డు చేసుకునే కెమెరాగానీ ఆ జాబితాలో కనపడవు. యాప్ ఏమీ చూపించలేదని నిశ్చింతగా కూర్చుంటే మోసపోతాం. కళ్లే నయం.

ఎక్కడెక్కడ చూడాలంటే, సీటుకి ఎదురుగా ఏమేమి ఉన్నాయో ముందు అవి. చెత్తబుట్ట, టిష్యూ డబ్బా, బట్టలు తగిలించే కొక్కెం, గోడకి వేలాడే రూం ఫ్రెషనర్, ఖాళీ సబ్బుపెట్టె, తలుపులో బొక్క. చెత్తబుట్టని కాలితో అటు తిప్పేయండి, అంతే. తర్వాత తల పైకెత్తి వెంటిలేటర్, ఫాల్స్ సీలింగ్‌లో ఊడిన పలక. తర్వాత కింద ఖాళీ. అనుమానంగా ఉన్న బొక్క మీదికి ఫోన్ టార్చి మీ కంటి పక్కనే పట్టుకుని వేయండి. లెన్స్ ఉంటే సూదిమొనంత వెలుగు చుక్క తిరిగి మెరుస్తుంది. కంటికి దూరంగా టార్చి పట్టుకుంటే ఆ మెరుపు మీవైపు రాదు. గది చీకటిగా ఉంటే ఇంకా తేలిక. గోడలో బొక్క ఉంది, అవతల ఏముందో తెలియడం లేదు, అప్పుడు స్టిక్కరు తీసి అంటించేయండి. నుదుటి బొట్టుబిళ్ల కూడా పనిచేస్తుంది, నేను చేశాను.

అద్దం మీద గోరు ఆనించి, గోరుకీ నీడకీ మధ్య సందు లేకపోతే అది రెండువైపులా కనపడే అద్దం అంటూ వాట్సాప్‌లో తిరిగే పరీక్షని నమ్మకండి. అద్దం తయారీని బట్టి మామూలు అద్దంలో కూడా సందు కనపడకపోవచ్చు. అద్దానికి మొహం ఆనించి, రెండు అరచేతులూ అడ్డంపెట్టి చీకటి చేసి చూడండి. అవతల గది ఉంటే తెలుస్తుంది.

ఇదంతా చదువుతుంటే టెన్షన్ పెరుగుతుందని తెలుసు. అలవాటైతే మొత్తం పదిహేను, ఇరవై సెకన్ల పని. వెళ్లిన ప్రతిచోటా గోడలు తడుముతూ కూర్చోమనడం లేదు.

రైల్లో

రైల్లో గొడవ టాయిలెట్ లోపల కాదు, దాని ముందుండే ఇరుకు జాగాలో. రాత్రిపూట తలుపుల దగ్గర నిలబడ్డవాళ్లు, కింద కూర్చున్నవాళ్లు, వాళ్లని దాటుకుని వెళ్లాలి. బోగీకి రెండు చివర్లా టాయిలెట్లు ఉంటాయి కాబట్టి మీ బెర్తుకి దగ్గరిదే వాడాలని లేదు, జనం తక్కువ ఉన్న కొసకి వెళ్లండి. ఏసీ బోగీల్లో అటెండెంట్ కూర్చునే వైపు నాకు నచ్చుతుంది. పక్క బెర్తుల్లో కుటుంబం ఉంటే "ఆంటీ, బాత్రూంకి వెళ్లొస్తా, బ్యాగు చూడండి" అని చెప్పి వెళ్లండి. బ్యాగు కోసమే అన్నట్టు ఉంటుంది, మీరు ఎంతసేపటికీ రాకపోతే గమనించే మనిషీ దొరుకుతుంది.

లోపల గడియతో పాటు కిటికీ చూడండి. గాజు రెక్క తెరిచి ఉంటే, రైలు ప్లాట్‌ఫాం మీద ఆగినప్పుడు బయట నడిచేవాళ్లకి అది సరిగ్గా తల ఎత్తులో వస్తుంది. ఎవరైనా వెంటపడినా, తలుపు బాదినా 139కి ఫోన్ చేయండి. రైలు నంబరు, బోగీ, బెర్తు చెప్తే చాలు. రైల్‌మదద్ యాప్‌లో కూడా పెట్టవచ్చు. గడియ విరిగిందన్న కంప్లైంటు కూడా అందులోనే. నేను ఒకసారి పెట్టాను, రెండు స్టేషన్ల తర్వాత ఒకాయన పానా, స్క్రూలు పట్టుకుని వచ్చాడు.

ఇలాంటి గది దొరికితే బతికిపోయామనుకునే వాళ్లు

ఆరేళ్ల కూతురిని ఒక్కడే తీసుకెళ్లే తండ్రి ఎటు వెళ్లాలి? జెంట్స్‌లోకి పాపని తీసుకెళ్లలేడు, లేడీస్‌లోకి తను వెళ్లలేడు. మా నాన్నకి పక్షవాతం వచ్చాక అమ్మకి ఇదే తిప్పలు. ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టాలి, జెంట్స్ ముందు నిలబడి "బాబూ, లోపల ఎవరైనా ఉన్నారా?" అని అరిచేది. ఒక ఆస్పత్రిలో అందరూ వాడుకునే వెడల్పు గది కనిపించినప్పుడు అమ్మ మొహం చూడాలి. ట్రాన్స్‌జెండర్లకి అయితే రెండు తలుపుల దగ్గరా అవమానమే. 2014లో సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో వాళ్లకి విడిగా పబ్లిక్ టాయిలెట్లు కట్టమంది. 2025 జనవరిలో, కోర్టుల ఆవరణల్లోనైనా ఆడ, మగ, వికలాంగులు, ట్రాన్స్‌జెండర్లు అందరికీ వేర్వేరుగా ఏర్పాటు చేయమని మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది.

చిన్నపిల్లల్ని ఇలాంటి టాయిలెట్‌కి ఒక్కళ్లనే పంపకండి. మగపిల్లాడు కదా అని వదిలేయడం మన ఇళ్లలో ఎక్కువ. వాడికీ అంతే జాగ్రత్త కావాలి.

ఏదైనా దొరికితే

కెమెరానో, ఫోనో కనిపించింది. చేతులు వణుకుతాయి, తీసి నేలకేసి కొట్టాలనిపిస్తుంది. కొట్టకండి. బట్టలు సర్దుకుని, లెన్స్ మీద స్టిక్కరో టిష్యూనో అంటించండి. అది ఎక్కడ ఎలా ఉందో మీ ఫోన్‌తో ఫొటో, వీడియో తీయండి, గది మొత్తం కనపడేలా ఒకటి, దగ్గర్నుంచి ఒకటి. తర్వాత తలుపు దగ్గరే నిలబడి 112కి చేయండి. ఆ చోటు వదలొద్దు, మీరు మేనేజర్ కోసం వెళ్లి వచ్చేసరికి వస్తువు మాయమవుతుంది. "మేడం, మాకివ్వండి, మేం చూసుకుంటాం" అని వాళ్లు అడుగుతారు. ఇవ్వకండి. వరండాలో సీసీ కెమెరా ఉంటే ఆ ఫుటేజీ చెరిపేయొద్దని అక్కడే నలుగురి ముందు చెప్పండి, పోలీసులకీ చెప్పండి. కొన్ని రోజులైతే పాతదాని మీద కొత్తది రికార్డు అయిపోతుంది.

స్టేషన్లో "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అనండి. ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలి. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఇలాంటి వాటికే, టాయిలెట్ వాడుతున్న స్త్రీని చాటుగా చూడటం, చిత్రీకరించడం అందులోకి వస్తాయి. మొదటిసారి రుజువైతే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా. రెండోసారి అయితే మూడు నుంచి ఏడేళ్లు. 2013లో ఐపీసీలో 354సీగా వచ్చిన సెక్షనే 2024 జూలై 1 నుంచి ఇలా మారింది. ఈ కేసులో మహిళా పోలీసే మీ ఫిర్యాదు రాసుకోవాలి, అడగండి. బాధితుడు మగవాడైతే 77 వర్తించదు. ఐటీ చట్టం 66ఈ మాత్రం ఎవరి విషయంలోనైనా పనిచేస్తుంది, మూడేళ్ల దాకా జైలు గానీ రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ.

వీడియో అప్పటికే బయటికి వెళ్లిందని అనుమానముంటే జాతీయ సైబర్ క్రైం పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైటు ఉంది, పద్దెనిమిది దాటినవాళ్లకి. మీ బొమ్మని ఎక్కడికీ పంపకుండానే దాని గుర్తు ఒకటి తయారుచేసి, తమతో కలిసి పనిచేసే సోషల్ మీడియా కంపెనీలకి ఇస్తుంది. అది మళ్లీ ఎక్కకుండా వాళ్లు ఆపుతారు.

దొరికింది కెమెరా కాదు, తలుపు తోసిన మనిషే అయితే? గట్టిగా అరవండి. "ఏయ్, ఎవరది?" అన్న కేక పొరపాటున వచ్చినవాడిని "సారీ అక్కా" అనిపిస్తుంది, కావాలని వచ్చినవాడిని పారిపోయేలా చేస్తుంది.

అన్నలకీ తమ్ముళ్లకీ

లోపల ఆడమనిషి ఉందని తెలిస్తే తలుపుకి నాలుగడుగులు దూరంగా, పక్కకి తిరిగి నిలబడండి. ఫోన్ జేబులో పెట్టండి, మీరు క్రికెట్ స్కోరే చూస్తున్నారు గానీ లోపలున్న ఆమెకి ఆ సంగతి తెలియదు. గడియ పెట్టుకునే వెళ్లండి, మీకు సిగ్గు లేకపోయినా తలుపు తీసేవాళ్లకి ఉంటుంది. సీటు తడిపితే కడిగి రండి.

మీదే ఆఫీసు, మీదే హోటల్ అయితే

నాలుగంగుళాల టవర్ బోల్టు, స్క్రూలు, అరగంట వడ్రంగి పని. అందుబాటు ఎత్తులో ఉన్న వెంటిలేటర్‌కి గరుకు గాజు వేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించండి. మూత ఉన్న చెత్తబుట్ట, లోపల స్విచ్, తలుపుకీ నేలకీ మధ్య వేలెడు మించని సందు. లోపల మనిషి ఉంటే ఎర్రగా కనపడే గడియలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతున్నాయి, తలుపు తట్టే పని కూడా ఉండదు.

నేను ఇదివరకు చేసిన ఆఫీసులో పదకొండు మందికి ఒకటే బాత్రూం, గడియ వదులు. మూడు నెలలు అడిగాను. "లేడీస్ మీరిద్దరే కదమ్మా" అనేవారు మేనేజరు గారు. చివరికి ఒక శనివారం వడ్రంగిని పిలిపించారు. సోమవారం వెళ్లి చూస్తే తళతళలాడే కొత్త బోల్టు, తలుపుకి బయటవైపు బిగించి ఉంది.